కోళ్ల గూట్లోకి పాము ఎందుకొస్తుంది? ఏది ఆపుతుంది, ఏది ఆపదు?

సాయంత్రం మసక వెలుతురులో గుడ్ల కోసం పెట్టెలోకి చెయ్యి పెడతాం. గడ్డి తగలాల్సిన చోట చల్లగా, నున్నగా ఇంకేదో తగులుతుంది. పెరట్లో కోళ్లు పెంచేవాళ్లలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే, నాకూ ఎదురైంది. టార్చి వేసి చూస్తే ఒక జెర్రిపోతు చుట్ట చుట్టుకుని ఉంది. ఒంటి మధ్యలో గుడ్డంత ఉబ్బు. నాకంటే అదే ఎక్కువ టెన్షన్‌లో ఉన్నట్టుంది, జాలీలోంచి దూరి వచ్చిన దారి దానికి కనిపిస్తూనే ఉంది కానీ, ఆ ఉబ్బుతో ఆ కన్నంలోంచి బయటికి పోలేదు.

ఆ తర్వాత వారం రోజులు సలహాలే సలహాలు. గంధకం చల్లమని ఒకరు, గిన్నీ కోళ్లను పెంచమని ఒకరు, కనబడగానే చంపెయ్యమని ఒకరు, చంపితే ఎలుకలు పెరుగుతాయి వద్దని ఇంకొకరు. ఏ రెండు సలహాలూ ఒకదానితో ఒకటి పొసగవు. చిత్రమేమిటంటే చెప్పినవాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు, ప్రతివాళ్లూ వాళ్లు చూసిన పాము గురించి చెప్పారు. చిక్కంతా అక్కడే ఉంది. గూటి దగ్గరికి వచ్చే పాములన్నీ ఒకే పని మీద రావు.

అది కోడి కోసమే వచ్చిందా?

పాము నమలలేదు, ముక్కలు చేసుకోలేదు, దొరికినదాన్ని మొత్తంగా మింగాల్సిందే. దాని కింది దవడ రెండు సగాలూ ముందు భాగంలో ఎముకతో అతుక్కుని ఉండవు, సాగే స్నాయువుతో కలిసి ఉంటాయి. మనకున్నట్టు ఛాతీ ఎముక కూడా లేదు కాబట్టి పక్కటెముకలు విచ్చుకుంటాయి. అందుకే తన తలకంటే లావైనదాన్ని కూడా మింగగలదు. (దవడ ఊడదీసుకుని మింగుతుందనే మాట తప్పు, అది సాగుతుందంతే.) కానీ ఆ సాగడానికీ ఒక హద్దు ఉంది. ఎదిగిన కోడిని మింగాలంటే కొండచిలువ లాంటి భారీ పాము కావాలి. సాధారణంగా పెరళ్లలో తిరిగే పాములకు గుడ్లు, చిన్న పిల్లలు అందుతాయి, పెద్ద పెట్ట అందదు.

పైగా అన్ని పాములూ గుడ్లు తినవు. జెర్రిపోతు ఎలుకలు, కప్పలు, పక్షులు, గుడ్లు ఏది దొరికితే అది తింటుంది. నాగుపాము ప్రధానంగా ఎలుకల మీద, కప్పల మీద బతుకుతుంది కానీ గుడ్లూ కోడిపిల్లలూ దొరికితే వదలదు. రక్తపింజరకు గుడ్లతో పనిలేదు, దానికి కావాల్సింది ఎలుక. కట్లపాము ఎక్కువగా ఇతర పాములను, బల్లులను, చిన్న ఎలుకలను వెతుక్కుంటూ రాత్రిపూట తిరుగుతుంది. అంటే గూటి పక్కన రక్తపింజర కనబడితే అది ఎలుక వాసన పట్టుకుని వచ్చిందనుకోవడమే సబబు, కోళ్లు దాని దారిలో ఉన్నాయంతే. బెదిరి కాటేస్తే కోడి చస్తుంది, అది వేరే సంగతి.

కాబట్టి గూడు పాముకి మూడు రకాలుగా కనిపిస్తుంది. గుడ్లున్న చోటుగా, ఎలుకలున్న చోటుగా, లేదా ఎండకూ చలికీ దూరంగా దాక్కునే చోటుగా. కట్టెల కుప్ప, పగిలిన పెంకుల గుట్ట, నేలకు కొద్దిగా ఎత్తులో ఉన్న గూటి అడుగు, ఇవి మూడో రకం. ఏ కారణంతో వచ్చిందో తెలియకుండా దాన్ని ఆపడం గురించి ఎంత మాట్లాడుకున్నా గాల్లో మాటలే.

పెంకు కూడా మిగలకపోతే

రోజూ ఎనిమిది గుడ్లు వచ్చే గూట్లో ఇవాళ ఐదే ఉన్నాయనుకుందాం. దొంగ ఎవరు? ఇక్కడ మిగిలినవి చూడాలి, పోయినవి కాదు.

గడ్డి మీద పచ్చసొన మరక, తడి, పెంకు ముక్కలు ఉంటే ముందు అనుమానం మన కోళ్ల మీదే, గుడ్లు పొడుచుకుని తినే అలవాటు కొన్నిటికి పడుతుంది. కాకి, ముంగిస తిన్నా పెంకులు మిగులుతాయి. ఎలుక ఒక్కోసారి గుడ్డును దొర్లించుకుపోతుంది, అప్పుడు పెంకులు దాని కన్నం దగ్గరో ఏ మూలనో దొరుకుతాయి. గడ్డి చెదరకుండా, తడి లేకుండా, పెంకు లేకుండా గుడ్డు మాయమైందంటే పాము అయ్యుండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది గుడ్డును పెంకుతో సహా మింగేస్తుంది. ఆఫ్రికాలో దాసిపెల్టిస్ అనే జాతి పాములున్నాయి, అవి గుడ్లు తప్ప ఇంకేమీ తినవు, వెన్నెముక నుంచి లోపలికి పొడుచుకొచ్చిన ఎముక మొనలతో గొంతులోనే గుడ్డు పగలగొట్టి, సొన మింగి, నలిగిన పెంకును ఉండలా బయటికి ఉమ్మేస్తాయి. మామూలు పాములకు ఆ హంగు లేదు. వాటి కడుపులోని రసాలే పెంకును కరిగిస్తాయి.

ఇంకో గుర్తు చూడటానికి కష్టంగా ఉంటుంది. చచ్చిపడిన కోడిపిల్ల, ఒంటి మీద గాయం లేదు, కానీ తలా మెడా తడిసి, ఈకలు జిగటగా అంటుకుపోయి, సన్నగా లాగినట్టు ఉంటాయి. పాము తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టి, రెక్కల దగ్గరికి వచ్చేసరికి పట్టక, కక్కేసి వెళ్లిందన్నమాట. ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోలేం.

కుబుసం దొరికితే పాము ఉన్న మాట ఖాయం. కానీ దాన్ని కొలిచి భయపడక్కర్లేదు, విడిచేటప్పుడు కుబుసం సాగుతుంది, అసలు పాము దానికంటే పొట్టిగానే ఉంటుంది. ఆరడుగుల పాము చూశామని చెప్పే కథల్లో కొన్ని ఇలా సాగినవే.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది: పగా, ఆకలా?

పాముది పగ అని మనకు నానుడి. ఒకసారి తరిమితే నాలుగు రోజులకు మళ్లీ అదే చోట కనబడుతుంది కాబట్టి ఆ మాట నిలబడిపోయింది. నాకైతే ఇందులో కథలేమీ కనబడలేదు, లెక్క కనబడింది. పాము తన ఒంటి వేడిని తనే పుట్టించుకోదు కాబట్టి మనలా రోజుకు మూడుసార్లు తినాల్సిన పనిలేదు. ఒకసారి కడుపునిండా తిన్నాక రోజుల తరబడి ఎక్కడో ముడుచుకుని అరిగించుకుంటుంది, ఆకలి వేశాక తిండి దొరికిన చోటికే వస్తుంది. నాలుకతో గాలిలోని, నేలమీది వాసన రేణువులను పట్టి అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి అందించడం దాని పద్ధతి, ఎలుక దారులూ గూటి వాసనా దానికి అలాగే తెలుస్తాయి. ఈ మధ్యలో వచ్చే ఖాళీ వల్లే మనం మోసపోతాం. సోమవారం గంధకం చల్లాం, పది రోజులు పాము రాలేదు, పని చేసిందనుకుంటాం. అది ఆ పది రోజులూ నిన్నటి గుడ్లను అరిగించుకుంటూ పక్క కన్నంలోనే ఉండొచ్చు.

దాణా లెక్క

ఒక్కో పెట్ట రోజుకు సుమారు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. పది పెట్టలుంటే 1,200 గ్రాములు అనుకుందాం. అందులో 5 శాతం నేలపాలైందంటే 60 గ్రాములు. గుప్పెడు, ఎవరూ పట్టించుకోరు. కానీ ఒక పెద్ద ఎలుక రోజుకు తినేది 25, 30 గ్రాములే. అంటే రోజూ కిందపడే ఆ గుప్పెడు రెండు ఎలుకలకు పూర్తి భోజనం. ఆ రెండూ ఆడా మగా అయితే మూడు వారాల గర్భం, ఒక ఈతలో అరడజనుకు పైగా పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో ఈనడానికి సిద్ధం.

రాత్రంతా దాణా పాత్ర గూట్లోనే వదిలేసే ఇంట్లో ఈ లెక్క ఇంకా పెద్దది. చీకట్లో కోడికి చూపు ఆనదు, అది తినదు, ఆ పాత్ర ఎవరి కోసం ఉన్నట్టు? ఎలుకల కోసం. ఎలుక తవ్విన కన్నం పాముకి ఇల్లు కూడా, ఎందుకంటే మామూలుగా మన పాములు కన్నాలు తవ్వవు, తవ్వి ఉన్నవాటిలో దూరతాయి. తిండీ ఇల్లూ రెండూ ఎలుకే సమకూరుస్తోందన్నమాట. గుడ్ల జోలికి రాని పింజరలు సైతం గూటి దగ్గర తచ్చాడటానికి ఇదే కారణం. గూటికి ఎంత కట్టుదిట్టమైన జాలీ వేసినా దాణా మూట మూతలేకుండా బయట ఉంటే, పాము గూట్లో కాకుండా మూట వెనక కనబడుతుంది. తేడా అంతే.

గుడ్ల విషయంలోనూ సమయమే కీలకం. పెట్టలు ఎక్కువగా తెల్లారాక మొదటి ఆరేడు గంటల్లో గుడ్లు పెడతాయి. మధ్యాహ్నానికే తీసేసే గూట్లో సాయంత్రం వచ్చిన పాముకి ఖాళీ గడ్డి దొరుకుతుంది, రెండు రోజులకోసారి తీసే గూట్లో విందు దొరుకుతుంది. అయితే ఇది పూర్తి జవాబు కాదు, జెర్రిపోతు పగటిపూట తిరిగే పాము, కోడి ఇంకా పెట్టెలోంచి లేవకముందే పక్క పెట్టెలో గుడ్డు తీసుకుపోగలదు. గుడ్లు పొదుగుతున్న పెట్ట కింద మూడు వారాలు గుడ్లు ఉంచక తప్పదు, అక్కడ ఈ ఉపాయం పనికిరాదు.

జాలీ కన్నం ఎంత ఉండాలి?

చికెన్ మెష్ అని అమ్మే ఆరుపలకల కన్నాల జాలీ కోళ్లను లోపల ఉంచడానికి చేసింది, బయటివాటిని ఆపడానికి కాదు. దాని కన్నం మామూలుగా 25 మిల్లీమీటర్లు ఉంటుంది. కోడిగుడ్డు అడ్డంగా 43 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఇప్పుడు 22 మిల్లీమీటర్ల లావున్న పామును ఊహించుకోండి. ఆకలిగా ఉన్నప్పుడు సులువుగా దూరుతుంది. గుడ్డు మింగాక నడుము దగ్గర 43 దాటింది, తిరిగి పోలేదు. నేను పెట్టెలో చూసింది సరిగ్గా ఇదే. అంటే ఈ జాలీ పామును ఆపకపోగా, తిన్న పామును మన గూట్లోనే బంధించి పెడుతుంది.

వెల్డ్ మెష్‌లో 12 మిల్లీమీటర్ల కన్నం ఒకటి, 6 మిల్లీమీటర్ల కన్నం ఒకటి దొరుకుతాయి. ఏది మేలన్న దాని మీద కోళ్లు పెంచేవాళ్లు గంటలు వాదించుకుంటారు. 12 చాలు అనేవాళ్ల వాదనలో బలముంది. ఆ కన్నంలో పట్టేంత సన్నని పాము పిల్లపామే, దానికి కోడిగుడ్డు మింగే నోరు లేదు. 6 కావాలనేవాళ్లు రెండు విషయాలు గుర్తు చేస్తారు. చిట్టెలుక 12 మిల్లీమీటర్ల కన్నంలోంచి దూరిపోతుంది, అది దూరితే కథ మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, సన్నని పాముల్లోనూ విషం ఉన్నవి ఉంటాయి. ఇద్దరూ చెప్పంది ఇంకొకటుంది. కన్నం చిన్నదయ్యేకొద్దీ, దుమ్మూ ఈకలూ పట్టేకొద్దీ గాలి తగ్గుతుంది. కోళ్లకు చెమట పట్టదు, ఎక్కువగా నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటాయి, గాలాడని గూట్లో వేసవి మధ్యాహ్నం పాము కంటే ప్రమాదకరం. అందుకే కొందరు కింది సగానికి 6, పైకి 12 వేస్తారు. నాకు ఇది తెలివైన రాజీగానే కనబడింది, కాకపోతే ఎక్కే పాములకు పైసగం అందదని అనుకోవడానికి లేదు.

ఎంత మంచి జాలీ వేసినా ఓడిపోయేది తలుపు దగ్గరే. తలుపు కింద బొటనవేలు దూరే సందు, పైకప్పు రేకు గోడను కలిసే చోట ముడత, గడియ పెట్టే దగ్గర వంగిన చెక్క. పాము గోడంతా వెతకదు, అంచు వెంబడి పాకుతూ పోతుంది, మొదటి సందులో తల పెడుతుంది.

నైలాన్ వల సంగతి వేరు. పాము అందులో తల దూర్చి ముందుకు పోవాలనుకుంటుంది, పొలుసులు వెనక్కి తిరిగి ఉండటంతో పోగు పొలుసు కింద చిక్కుకుంటుంది, ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. కొందరు దీన్నే ఉచ్చుగా వాడతారు. పని చేస్తుందా అంటే చేస్తుంది. కానీ మర్నాడు పొద్దున వలలో చిక్కి, బతికుండి, భయంతో ఉన్న నాగుపామును ఎవరు విడిపిస్తారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

చల్లేవి, మోగేవి, కాపలా కాసేవి

నాఫ్తలీన్, గంధకం కలిపిన పొడులు పాములను దరిచేరనివ్వవని అమ్ముతారు. పరీక్షల్లో పాములు వాటి మీదుగా మామూలుగానే దాటిపోయాయి. నాఫ్తలీన్ ఉండలు కోళ్లకూ పిల్లలకూ విషం, నేలమీద కనబడిన తెల్ల ఉండను కోడి పొడవకుండా ఉంటుందా? వెల్లుల్లి, ఉల్లి, ఫినాయిల్ లాంటివాటికి వాసన ఘాటు, ఆ ఘాటు మన ముక్కుకు, పాము ఎటు పోవాలో నిర్ణయించేది అది కాదు. అయితే వాసనలేవీ పనిచేయవని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో దాల్చిన నూనె, లవంగాల్లో ఉండే యూజినాల్ లాంటివి గోధుమరంగు చెట్టుపాముల మీద పిచికారీ చేస్తే అవి దారీతెన్నూ లేకుండా గట్టిగా గింజుకున్నాయి. కిటుకు ఎక్కడుందంటే, అక్కడ నూనె నేరుగా పాము మీద పడింది, ఇరుకుచోట. పెరటి చుట్టూ గీసిన గీత మీద కాదు.

మనకు వినబడని శబ్దాలు చేసే పరికరాలది ఇంకా సులువైన కేసు. అవి 20,000 హెర్ట్జ్ పైన మోగుతాయి. పాముకి బయటి చెవి లేదు, నేల అదురూ, కొన్ని వందల హెర్ట్జ్ లోపలి మందమైన శబ్దాలే దానికి బాగా తెలుస్తాయి. ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు.

గిన్నీ కోళ్లు అరుస్తాయి, చిన్న పాములను చుట్టుముట్టి పొడుస్తాయి, అది నిజం. మామూలు కోళ్లు కూడా పిల్లపామును పురుగులా లాక్కుని తినేస్తాయి. కానీ చీకటి పడగానే గిన్నీ కోడి కూడా కొమ్మ మీదకో దూలం మీదకో చేరి నిద్రపోతుంది. పగలు తిరిగే జెర్రిపోతు విషయంలో అది పనికొచ్చే కాపలాదారు, రాత్రి తిరిగే కట్లపాము విషయంలో కాదు.

గూటిని నున్నని స్తంభాల మీద ఎత్తుగా కట్టి, స్తంభానికి రేకు చుట్టే పద్ధతి చాలా పాముల మీద బాగా పనిచేస్తుంది. అన్నిటి మీదా కాదు. పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేరిన గోధుమరంగు చెట్టుపాములు అక్కడి అడవి పక్షులను దాదాపు ఊడ్చేశాయి, మిగిలిన వాటి గూళ్లను కాపాడటానికి పరిశోధకులు స్తంభాలకు నున్నని లోహపు గొట్టాలు తొడిగారు. కెమెరాలో చూస్తే పాము స్తంభం చుట్టూ తన ఒంటిని ఉరితాడులా ఒక్క చుట్టు వేసి, తోకతో బిగించి, కొద్దికొద్దిగా జరుగుతూ, ఆయాసపడుతూ, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటూ పైకెక్కుతోంది. పాములు అలా ఎక్కగలవని అప్పటిదాకా ఎవరూ రాయలేదు, 2021లో అది ప్రచురితమైంది.

ఉత్తుత్తి గుడ్ల విషయం ఒకటి. కోళ్లకు ఫలానా పెట్టెలో గుడ్డు పెట్టాలని అలవాటు చేయడానికి పింగాణీ గుడ్డు, గోల్ఫ్ బంతి పెడుతుంటారు. పాము దాన్నీ మింగుతుంది. అది అరగదు, పేగులో అడ్డుపడొచ్చు, అప్పుడు ఎవరైనా ఆపరేషన్ చేసి తీస్తే తప్ప పాము రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. పశువైద్యులు అలా తీసిన సందర్భాలు ఉన్నాయి.

చంపడం, పట్టి వదలడం, చూసీ చూడనట్టుండటం

చంపాలనేవాళ్ల మాటను తేలిగ్గా తీసేయలేం. పొదిగించిన పన్నెండు పిల్లల్లో ఏడు పోయినవాళ్లకు ఎలుకల పాఠం చెప్పడం సులువే, వినడం కష్టం. ఇంట్లో పాకే పిల్లాడుంటే ఇంకా కష్టం. ఇటువైపు వాదన కూడా నేలమీదదే. గుడ్లు తినే జెర్రిపోతే ఏడాదంతా ఎలుకలనూ తింటుంది, అది పోయిన చోటు ఖాళీగా ఉండదు, తిండి ఉన్నంతకాలం ఇంకొకటి వస్తుంది, ఆ వచ్చేది విషం లేనిదే అయ్యుంటుందన్న హామీ లేదు. చాలా దేశాల్లో పాములను చంపడం చట్టప్రకారం నేరం కూడా. పైగా కర్రతో దగ్గరికి వెళ్లడమంటే మనంతట మనం కాటు దూరంలోకి వెళ్లడం.

పట్టి దూరంగా వదిలేయడం అందరికీ నచ్చే మధ్యేమార్గం, పాము చావకుండా కర్ర విరగకుండా అన్నట్టు. కానీ దూరం ఎక్కువైతే పాముకి అది మంచి కాదు. అమెరికాలో టింబర్ రాటిల్ అనే విషపాముల మీద 1999లో వచ్చిన అధ్యయనంలో, కొత్త చోట వదిలిన పాములు తెలిసిన దాక్కునే చోట్లు లేక విపరీతంగా తిరిగాయి, సొంత చోట ఉన్నవాటికంటే చాలా ఎక్కువగా చచ్చాయి. పట్టడం తెలిసినవాళ్లు అందుకే చాలాసార్లు దగ్గర్లోనే, తిరిగే ప్రాంతం దాటకుండా వదులుతారు. మనకేమో "మళ్లీ వస్తుందిగా" అని గింజులాట. తిండి మూసేస్తే రావడానికి కారణం ఉండదన్నది వాళ్ల సమాధానం.

విషం ఉన్నదైతే లెక్క మారుతుంది

పైన చెప్పినదంతా గుడ్ల నష్టం గురించి. విషసర్పం అయితే ప్రశ్న గుడ్లది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా పాముకాటుతో చనిపోతున్నారు. పడగ విప్పితే నాగుపామును ఎవరైనా పోలుస్తారు, విప్పనప్పుడు జెర్రిపోతుకూ దానికీ తేడా చెప్పడం మసక వెలుతురులో కష్టమే. కట్లపాముకీ విషం లేని తోడేలు పాముకీ పగటి వెలుతురులోనే పొరబడతారు. అందుకే "ఇది మంచి పామే" అన్న ధీమాతో చెయ్యి పెట్టడానికి లేదు, "ఇది విషప్పామే" అని ప్రతిదాన్నీ చంపడానికీ ఆధారం లేదు. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు, ఏదో కుట్టిందనుకుని పడుకున్నవాళ్లున్నారు. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, మూడూ హానే చేస్తాయి. కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడం, అక్కడ అవసరమైతే యాంటీవీనమ్, ఇదే దారి.

మా గూటికి ఇప్పుడు చిన్న కన్నాల జాలీ ఉంది, తలుపు కింద రబ్బరు పట్టీ ఉంది, దాణా మూత బిగిసే డబ్బాలో ఉంటుంది. జెర్రిపోతు పోలేదు. మొన్న మధ్యాహ్నం కోళ్లన్నీ ఒక్కసారి మెడలు నిక్కించి కొక్కొక్కొ అంటుంటే వెళ్లి చూశాను. జాలీ అంచు వెంబడి తాపీగా పాకుతూ, తలుపు మూల దగ్గర ఆగి, నాలుక రెండుసార్లు ఆడించి, పట్టీని తలతో ఒకసారి తోసి చూసి, కట్టెల కుప్ప వైపు వెళ్లిపోయింది. ఆ కుప్ప ఇంకా తియ్యలేదు.